ఆముదం నీడలో పనస

పెళ్ళయిన కొత్తలో మా ఆయన నన్ను మొదటిసారి కాఫీ తోటకి తీసుకెళ్ళినప్పుడు నేను అడిగిన మాట ఒక్కటే. "ఇక్కడ ఎండ ఎప్పుడొత్తాది మావా?"

ఆయన నవ్వాడు. "రాదు. రాకూడదనే మా అయ్య ఇన్ని సెట్లు పెంచినాడు" అన్నాడు.

నేను జి.మాడుగుల అవతలి కొండల్లో పుట్టాను. మాది చోళ్ళు, సామలు, కంది పండించే ఇల్లు. మా కొండకి చెట్లు తక్కువ, ఆకాశం ఎక్కువ. పొద్దున్నే వాకిట్లో నిలబడితే ఎదుటి కొండల మీద మంచు విడిపోవడం కనబడేది. చేలో వంగి పని చేస్తున్నంతసేపూ వీపు మీద ఎండ ఉండేది. నాకది కష్టమనిపించేది కాదు, తోడు ఉన్నట్టే ఉండేది.

అత్తవారి ఊరు పాడేరు నుంచి అరకు వెళ్ళే దారిలో ఉంది. జీపు దిగి, గెడ్డ, అంటే కొండవాగు, దాటి, కాసేపు ఎక్కాలి. ఊరి వెనక వాలంతా కాఫీ. కాఫీ మీద నీడకి సిల్వరోక్ చెట్లు. బూడిద రంగు మానులు, నిటారుగా, వరసలు వరసలుగా ఉండేవి. ప్రతి మానుకీ మిరియాల తీగ చుట్టుకుని ఉండేది. లోపల అడుగు పెడితే పట్టపగలే కిటికీలు మూసిన గదిలోకి వెళ్ళినట్టుండేది. నేలంతా రాలిన ఆకులు, అడుగేస్తే చప్పుడే వచ్చేది కాదు. ఆ మసకలో మా ఆయన ముఖం మాత్రం వెలిగిపోయేది. నడుస్తూ నడుస్తూ ఒక్కో చెట్టు దగ్గర ఆగి అరచేత్తో తట్టేవాడు, గోవుని తట్టినట్టు. మా మావ, అంటే ఆయన తండ్రి, మా పెళ్ళికి ముందే పోయారు. ఆ చెట్లన్నీ ఆయన చేత్తో నాటినవే. మా ఆయన చిన్నప్పుడు మొక్కలకి నీళ్ళు మోశాడట.

"ఈ సెట్టూ నానూ ఒక్క ఈడు" అని ఒకదాన్ని చూపించాడు.

"అయితే అదే నీకంటే బేగి ఎదిగింది" అన్నాను. ఆయన పొట్టిగా ఉంటాడు. ఆ మాటకి చాలా రోజులు నన్ను ఏడిపించాడు.

నేను పక్క ఊరి బడిలో చిన్న పిల్లలకి చదువు చెప్పేదాన్ని. బడి అయ్యాక తోటకి వెళ్ళి కాఫీ పళ్ళు కోసేదాన్ని, కలుపు తీసేదాన్ని. తోట మీద నాకు కోపమేమీ లేదు. కానీ ఇంట్లో పప్పు వండాలంటే సంతలో కంది కొనాలి, అంబలికి చోడిపిండి, అదే రాగిపిండి, కొనాలి. అది నాకు మింగుడు పడేది కాదు. ఇంత కొండ ఉండి, నలుగురు తినే కంది పండదా అని అడిగేదాన్ని. "నీడలో కంది పండదే" అని ఆయన. "అయితే కొంచెం నీడ తీసేద్దాం" అని నేను. అత్త మా ఇద్దరినీ చూసి, "మీ ఇద్దరికీ కొండ సాల్దు" అనేది.

ఆ తర్వాత ఆ పెద్ద తుఫాను వచ్చింది.

సముద్రం మాకు చాలా దూరం. తుఫాను అంటే మాకు ముసురు, చలి, రెండు మూడు రోజులు బడి ఉండకపోవడం, అంతే. ఆ రోజు మాత్రం గాలి వేరే రకంగా వచ్చింది. పొద్దుటి నుంచి వాన, మధ్యాహ్నానికి గాలి. ఇంటి మీద రేకులు లేచి లేచి పడుతుంటే మా ఆయన రాళ్ళు పెట్టడానికి బయటికి వెళ్ళబోయాడు. అత్త ఆయన చొక్కా పట్టుకుని వదల్లేదు. ఇంతలో కొండ మీద నుంచి చప్పుడు మొదలైంది. ఒక చెట్టు పడితే ఎలా ఉంటుందో మాకు తెలుసు. ఇది ఆగకుండా పడుతూనే ఉంది. మా ఆయన చెవులు మూసుకోలేదు. గోడకి చేరగిలబడి, చప్పుడు వచ్చినప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

మర్నాడు తెల్లవారి వాన తెరిపిచ్చాక పైకి వెళ్ళాం. దారంతా కొమ్మలు. ఎక్కి చూస్తే ఎదురుగా ఆకాశం! సిల్వరోకులన్నీ ఒకే వైపుకి, తల దువ్వినట్టు పడి ఉన్నాయి. కొన్ని వేళ్ళతో సహా లేచిపోయాయి. ఆ వేళ్ళు ఎంత పైపైన ఉన్నాయో అప్పుడు చూశాను. అంత పొడుగు చెట్టుకి అంతేనా అనిపించింది. వాటి కింద కాఫీ మొక్కలు నలిగిపోయాయి. నలగనివి మాత్రం తడి ఆకులతో మెరుస్తూ, వెలుగు కొత్తేమో, బిత్తరపోయినట్టు నిలబడ్డాయి. విరిగిన పచ్చి కొమ్మల వాసన కొండంతా.

మా ఆయన తన ఈడు చెట్టు కోసం వెతికాడు. అది సగానికి విరిగి ఉంది. దాని మీదే కూర్చున్నాడు. అత్త వెనకాల ఆయాసపడుతూ వచ్చి, చుట్టూ చూసి, కొడుకు పక్కన కూర్చుని, "సెట్లు పోతే పోనాయి నాయనా. మనుసులం ఉన్నాం" అంది. ఆ చెట్ల కోసం ఆమె పెనిమిటి పడ్డ కష్టం ఆమెకి తెలుసు. అయినా ఆమె ఏడవలేదు, ఆయనే ఏడ్చాడు.

నేను కాస్త దూరంగా నిలబడ్డాను. అంత దుఃఖంలోనూ నా కళ్ళు నేల వైపు పోయాయి. పెళ్ళయినప్పటి నుంచి ఆ మట్టి మీద ఎండ పడటం చూడటం అదే మొదటిసారి. నల్లటి మట్టి, ఏళ్ళ తరబడి ఆకులు కుళ్ళిన మట్టి, ఆవిరి లేస్తోంది. నోరు ఊరుకోలేదు. "పై ముక్కలో కంది ఏసుకోవచ్చు మావా" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. ఆ సాయంత్రం దాకా పడ్డ కొమ్మలు లాగుతూనే ఉన్నాడు. రాత్రి అన్నం దగ్గర, "పై ముక్క నువ్వు తీసుకో. నీ ఎండ నీకు" అన్నాడు. కోపంగా అనలేదు. అలసటగా అన్నాడు. నేను తీసుకున్నాను.

పడ్డ చెట్లు తీయడానికి చాలాకాలం పట్టింది. వేసవి వచ్చేసరికి పుట్టింటి నుంచి మా అయ్య జీపు మీద విత్తనాలు మోసుకొచ్చాడు. కంది, చోళ్ళు, నూనెగింజల వలిసెలు, గట్ల మీదకి ఆముదం. మా పుట్టింటివాళ్ళు చర్చికి వెళ్తారు. అయ్య విత్తనాల మూట ముందు కూర్చుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. ఆయన ఆమెన్ అనడం ఆలస్యం, అత్త వచ్చి అదే మూట మీద పసుపునీళ్ళు చల్లింది, కొండదేవత పేరు చెప్పి. అయ్య ఏమంటాడోనని నేను భయపడ్డాను. ఆయన తీరిగ్గా లేచి, "మంచిదే వదినా, ఎవుల మాటైనా ఇంటాది ఇత్తనం" అన్నాడు. అత్త ఆ మాట విని మురిసిపోయి ఆ పూట కోడిని కోసింది.

ఆ వేసవిలో కాఫీ విరగబూసింది. అంత పూత ఎవరూ చూడలేదు. వాలంతా తెల్లగా, మల్లె వాసన వేసింది. ఊళ్ళో వాళ్ళు చూడ్డానికి వచ్చి, చెట్లు పోతేనేం, కాపు బాగుంటుందన్నారు. మా ఆయన ముఖంలో మళ్ళీ కళ వచ్చింది. కాయ కూడా గుత్తులు గుత్తులుగా పట్టింది. కానీ కాయ పండేలోగానే ఆకులు పసుపుపచ్చబడ్డాయి. కొమ్మలు చివరి నుంచి ఎండుతూ వచ్చాయి. మొక్కలు తమ బలమంతా ఒక్కసారే పెట్టేసి కూలబడ్డట్టయింది. ఆ తర్వాత కాండం తొలిచే పురుగు పట్టింది. ఎండ తగిలే మానులంటే ఆ పురుగుకి ఇష్టమట. మొక్కని పట్టుకుని ఊపితే మొదలు దగ్గర పుటుక్కున విరిగి వచ్చేది, లోపల పొడి. మా ఆయన పొద్దున్నే వెళ్ళి ఒక్కో మొక్క మాను గోనెపట్టాతో రుద్దేవాడు, పురుగు గుడ్లు రాలిపోవాలని. వేళ్ళు పగిలి రక్తం వచ్చేది. నేను కొబ్బరినూనె రాసేదాన్ని. "వదిలెయ్ మావా" అంటే, "ఎలా వదిలేత్తానే" అనేవాడు.

నీడ కోసం మొక్కలు నాటాడు. కొన్ని సిల్వరోకులు, ఇంకొన్ని పనస, నేరేడు. పనస మొక్కలు అడవి అంచు నుంచి తనే తవ్వి తెచ్చాడు. వానాకాలమంతా అవి బాగానే ఉన్నాయి. వేసవిలో ఒక్కొక్కటే మాడిపోయాయి. ఇద్దరం గెడ్డ నుంచి బిందెలతో నీళ్ళు మోశాం. పోసిన నీరు పోసినట్టే ఇంకిపోయేది. పిట్టలు కూడా మారిపోయాయి. ఇదివరకు ఆ చీకట్లో తిరిగే చిన్న చిన్న పిట్టలు, ఆకుల మధ్య గెంతేవి, కనబడకుండా పాడేవి, అవి లేవు. వాటి చోట పికిలిపిట్టలు, పిచ్చుకలు, గువ్వలు వచ్చాయి. గెడ్డ రాళ్ళ మీద మనిషి ఈల వేసినట్టు ఈల వేసే నీలపు పిట్ట ఒకటి ఉండేది. ఆ పిట్ట ఈలకి మా ఆయన బదులు ఈల వేసేవాడు. అదీ వెళ్ళిపోయింది. అయినా ఆయన ఒకటి రెండుసార్లు ఈల వేసి చూశాడు. నేను విననట్టు నటించాను.

నా పై ముక్క మాత్రం పండింది. ఎంత పండిందంటే చెప్పడానికి సిగ్గేసేంత. వలిసెలు పూసినప్పుడు కొండకి పసుపు గుడ్డ కప్పినట్టయింది. తేనెటీగల రొద ఇంటి దాకా వినబడేది. కంది మా తలల కంటే ఎత్తు పెరిగింది. ఆముదం ఆకులు గొడుగులంత. కొత్త చోడిపిండితో అత్త అంబలి కాస్తే మా ఆయన రెండో గిన్నె అడిగాడు. అడిగి, నేను నవ్వుతానేమోనని తల ఎత్తలేదు. నేను నవ్వలేదు. ఇంకో గరిటె ఎక్కువ పోశాను.

ఆ మరుసటి వానాకాలంలో నా వంతు వచ్చింది.

వానలు ముందులా పడటం లేదు. మా చిన్నప్పుడు ముసురు పట్టి రోజుల తరబడి సన్నగా కురిసేది. ఇప్పుడు చాలా రోజులు లేక లేక, ఒక్క పూటలో కుండలు కుమ్మరించినట్టు పడుతోంది. అలాంటి వాన ఒకటి నేను కొత్తగా తవ్విన వాలు మీద పడింది. మా పుట్టింటి కొండ ఇంత నిట్టనిలువుగా ఉండదు, అక్కడ గట్లకి రాళ్ళు పేర్చి ఉంటాయి. ఇక్కడ నేను రాళ్ళు పేర్చలేదు. పైమట్టి జారి కాఫీ మొక్కల మీద నుంచి గెడ్డలోకి పోయింది. గెడ్డ పక్కన మేము తాగే నీటి ఊట ఉంది. మర్నాడు పొద్దున్న అత్త ఊట దగ్గరకి వెళ్ళి, బిందె నింపుకొచ్చి, నా ముందు పెట్టింది. నీళ్ళు టీ రంగులో ఉన్నాయి.

"ఇదే నీ సేను. తాగు" అంది.

నాకు ఏడుపొచ్చింది. మా ఆయన బిందె తీసుకుని, గుడ్డ వేసి వడకట్టాడు. తల్లి వైపు కాదు, నా వైపు కాదు, బిందె వైపు చూస్తూ, "మట్టి నాది గూడా కొట్టుకుపోనాదమ్మా. దాని ఒక్కదాన్నే అనకు" అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆయనకి నన్ను అనే అవకాశం చేతికి వచ్చింది, అనలేదు.

ఆ వేసవిలో ఊట సన్నబడింది. వెదురు దోనె నుంచి దారంలా పడేది, బిందె నిండేసరికి జడ వేసుకోవచ్చు. అత్త దేవతకి కోడిని ఇచ్చింది. మా అయ్యకి ఫోన్ చేస్తే ఆయన చర్చిలో ప్రార్థన పెట్టించాడు. నీళ్ళు పెరగలేదు. నేను వాలు తవ్వడం మానేశాను. నిట్టనిలువుగా ఉన్న చోటంతా వదిలేసి, కింద కాస్త చదునుగా ఉన్నచోట రాళ్ళు పేర్చి చోళ్ళు వేసుకున్నాను. వదిలేసిన చోట పాత కంది, ఆముదం అలాగే నిలబడ్డాయి. మా కొండ కంది ఒక్క ఏడాదితో చావదు, మోడులా నిలిచి మళ్ళీ చిగురిస్తుంది. వాటి మధ్యకి ముళ్ళకంప ఎక్కడి నుంచో వచ్చిపడింది. ఎర్రవీ పసుపువీ కలిసిన చిన్న చిన్న పూలు పూసే కంప, చెయ్యి పెడితే చీరేస్తుంది. కాఫీ చచ్చిన ఖాళీల్లోకి కూడా దిగింది.

"రేపు మొత్తం నరికేత్తాను" అన్నాడు మా ఆయన. "నీ ఆముదం, కంది గూడా తీసెయ్యాలి. సుబ్బరంగా నేల సదును సేసి మళ్ళీ నీడ మొక్కలు ఏత్తాను."

"నేల సదును సేత్తే మళ్ళీ మట్టి పోతాది" అన్నాను. పెద్ద గొడవే అయింది. అత్త ఆ పూట పొయ్యి దగ్గర నుంచి కదలకుండా కూర్చుని, మా ఇద్దరికీ వేరువేరుగా వడ్డించింది.

ఆ రేపు రాలేదు. ఆయనకి జ్వరం తగిలింది. మలేరియా. వణుకుతున్న మనిషిని దుప్పట్లో చుట్టి జీపులో పాడేరు ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారంతా నా భుజం మీద తల పెట్టుకుని ఏవేవో మాట్లాడాడు. నరకాల్సిన కంప గురించీ, వాళ్ళ అయ్య గురించీ. తిరిగొచ్చాక కూడా చాలాకాలం నీరసం. చేతికి కత్తి పట్టే ఓపిక లేదు. నేను బడికి పోవాలి, ఆయనకి గంజి కాయాలి, ఆవుని చూసుకోవాలి. తోట ముఖం ఎవరూ చూడలేదు. వాన పడింది, ఎండ కాసింది, కంప పెరిగింది. ఎవరి చెయ్యీ పడలేదు.

చలి మొదలయ్యే రోజుల్లో ఒక మధ్యాహ్నం, నేను బడి నుంచి వచ్చేసరికి ఆయన మంచం మీద లేడు. అత్తని అడిగితే, కర్ర పట్టుకుని పైకి పోయాడంది. కంగారుగా వెళ్ళాను. సగం దారిలో ఉండగానే కేక వినబడింది.

"ఒలే! బేగి రా! బేగి!"

పడిపోయాడేమో, పాము కరిచిందేమో అనుకుంటూ పరుగెత్తాను. ఆయన నా పాత ఆముదం చెట్ల మధ్య, కంపలో మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చేతుల నిండా గీతలు. ముఖం నిండా నవ్వు.

"సూడు" అన్నాడు. "సూడు, ఇదేటో సూడు."

ఆముదం ఆకుల కింద, ముదురాకుపచ్చ రంగులో మెరుస్తూ, నా నడుమెత్తున ఒక పనస మొక్క ఉంది. గట్టు పక్కన ఆయన నాటి, మాడిపోయిందని వదిలేసినది. మాను అడుగున పాత మోడు ఎండి ఉంది, దాని పక్క నుంచి కొత్త చిగురు వచ్చింది. ఇంకాస్త అవతల ఇంకోటి. ఎండలో పెట్టినవన్నీ చచ్చాయి, నా గట్టుకి దగ్గరగా పెట్టినవి ఆముదం నీడ పడి బతికాయి.

"నీ ఆముదం నీడ ఇచ్చినాదే" అన్నాడు.

"నా ఆముదమే కాదు, నీ కంప గూడా. ఆవులు లోపలికి రాలేదు సూడు" అన్నాను.

"దాని పేరు ఎత్తకు" అన్నాడు. ఎత్తకు అంటూనే కంపని చేత్తో పక్కకి తీసి వెతుకుతున్నాడు. ఇద్దరం మోకాళ్ళ మీద పాకుతూ వెతికాం. కంది మోళ్ళ కింద ఎవరూ నాటని మొక్కలు కనబడ్డాయి. లేత ఎర్రటి చిగుళ్ళతో నేరేడు. చేప తోకలాంటి ఆకుతో, కల్లు గీసే జీలుగు. ఇంకా పేరు తెలియనివి. పికిలిపిట్టలు నా కంది కొమ్మల మీద వాలేవి, అవి అడవిలో పళ్ళు తిని వచ్చి ఇక్కడ రెట్ట వేసేవి. నేను ఆ పిట్టల్ని కంది తినేస్తున్నాయని రాళ్ళు విసిరి తోలేదాన్ని. అవి మా వాలంతా విత్తనాలు చల్లుతున్నాయని ఎవరికి తెలుసు?

సాయంత్రం అత్తని కూడా తీసుకెళ్ళాం. ఆమె ఒక్కో మొక్కనీ ముట్టుకుని పేరు చెప్పింది. కొన్నింటి పేర్లు మా ఇద్దరికీ తెలియవు, ఆమె కూడా ఒకటి రెండు తప్పు చెప్పింది. మద్ది అని చెప్పిన మొక్క పెరిగాక వేరేదని తేలింది. అప్పుడడిగితే, "అది సిన్నప్పుడు మద్దిలాగే ఉంది" అంది.

ఆ రాత్రి నుంచి మా ఇద్దరి పనీ ఒకటైంది. ముందు ఆముదం, కంది, వాటి మధ్య అరటి. అవి నిలబడ్డాక వాటి కింద పనస, నేరేడు, మామిడి. అవి భుజం ఎత్తుకి వచ్చాక కాఫీ. కంపని ఒక్కసారి నరకలేదు. మొక్క తల పైకి వచ్చిన చోట మాత్రం చుట్టూ కోసి, కోసినది అక్కడే నేల మీద పరిచాం. అలా పరిచిన చోట మట్టి కదల్లేదు. సిల్వరోకులు కొన్ని వేశాం, ఆయన కోసం. కానీ వాటి మధ్య వేరే చెట్లు ఉండాలని నేను పట్టుబట్టాను. ఒక్క జాతే ఉంటే ఒక్క గాలికి ఒకే వైపు పడతాయని మేం కళ్ళారా చూశాం.

ఇలా చెబితే ఏదో బేగి అయిపోయినట్టుంది. ఏళ్ళు పట్టింది. మధ్యలో కాఫీ లేని సంవత్సరాల్లో ఆయన అరకులో ఇళ్ళు కట్టే పనికి వెళ్ళాడు. సాయంత్రం జీపు దిగి, సిమెంటు అంటిన కాళ్ళతోనే ముందు తోటకి వెళ్ళి, చీకటి పడ్డాక ఇంటికి వచ్చేవాడు. "నీ పెళ్ళాం ఇంట్లో ఉంది, తోటలో కాదు" అని అత్త తిట్టేది. ఒకోసారి నేను కూడా తోటలోనే ఉండేదాన్ని. మేమిద్దరం అక్కడ కబుర్లు చెప్పుకుంటున్నామని ఆమెకి తెలియదు.

నేల ఆకులతో కప్పుకుంటున్న కొద్దీ ఊట మెల్లగా తేరుకుంది. దారంలా పడే నీరు వేలంత లావు అయింది. "నా కోడి వల్లే" అంది అత్త. మా అయ్య ఫోన్లో ఆ మాట విని, "మా ప్రార్థన గూడా ఉంది వదినా" అన్నాడు. ఇద్దరూ కాసేపు వాదించుకుని, చివరికి చెరిసగం అని ఒప్పుకున్నారు. వెనకటిలా చెయ్యి లావు మాత్రం ఇంకా రాలేదు. వస్తుందో రాదో తెలియదు. ఎండలు ముదిరాయి. వేసవి మొదట్లో పడి కాఫీని పూయించే పూత వాన ముందో వెనకో పడుతోంది. కాఫీ కొంత ఇప్పుడు, కొంత అప్పుడు పూస్తోంది. అందుకని పళ్ళు కూడా ఒక్కసారి పండవు. ఒకే మొక్క చుట్టూ మళ్ళీ మళ్ళీ తిరగాలి.

కొన్ని తిరిగి వచ్చాయి. చీకటి పొదల్లో గెంతే పిట్టలు వచ్చాయి. కొమ్మ మీద నుంచి కొమ్మ మీదకి దూకే పెద్ద ఎర్ర ఉడత వచ్చింది. పునుగుపిల్లి వచ్చి పండిన కాఫీ పళ్ళు ఏరి ఏరి తిని, గింజలు రాతి మీద వదిలి పోతోంది. కొన్ని రాలేదు. మాటలు నేర్చే కొండగోరింకలు పాత సిల్వరోకుల పక్కన ఉన్న ముసలి చెట్ల తొర్రల్లో గుడ్లు పెట్టేవి. ఆ ముసలి చెట్లూ ఆ తుఫానుకే పోయాయి. కొత్త చెట్లకి తొర్రలు పడాలంటే మా తరం చాలదు. మా ఆయనకి అది బెంగ. ఖాళీ వెదురు బొంగులు కోసి, కన్నాలు పెట్టి కొమ్మలకి కట్టాడు. కొండగోరింక ఒక్కటీ రాలేదు. ఒక దాంట్లో చీమలు చేరాయి, ఇంకో దాంట్లో చిన్న పిట్టేదో గూడు పెట్టింది. "పోనీ, ఎవలో ఒకలు ఉన్నారు కదా" అన్నాడు.

నీడ చిక్కబడుతున్న కొద్దీ నా కంది తగ్గిపోయింది. ఒక రోజు బడి నుంచి వచ్చేసరికి, చదును ముక్క చుట్టూ ఉన్న చెట్ల కొమ్మలు నరికి ఉన్నాయి. అవి ఆయన పెంచిన చెట్లే. కొమ్మలు నరకడం అంటే ఆయనకి చెయ్యి రాదని నాకు తెలుసు. చోళ్ళ మడి మీద గుండ్రంగా ఎండ పడుతోంది.

"ఇదేటి మావా?" అన్నాను.

"ఏటీ నేదు. కొమ్మలు దిగువకి వాలిపోనాయి" అన్నాడు, కత్తి తుడుచుకుంటూ.

నేను నమ్మినట్టే తల ఊపాను. ఆ ఏడు చోళ్ళు బాగానే పండాయి. ప్రతి ఏడూ కోతల ముందు ఆయన ఆ కొమ్మలు కోస్తూనే ఉన్నాడు, అవి దిగువకి వాలుతూనే ఉన్నాయి.

మొన్న వేసవిలో ఆముదం కింద దొరికిన ఆ పనస మొదటి కాపు కాసింది. మాను అడుగునే, నేలకి ఆనుకుని, ఒక్కటే కాయ. మా ఆయన రోజూ వెళ్ళి వేలితో కొట్టి చూసేవాడు. అది పండిందని మాకంటే ముందు ఉడతకి తెలిసింది. మేం వెళ్ళేసరికి ఒక పక్కంతా కొరికేసి, తొనలు లాగేసి ఉంది. ఆయన ఒక నిమిషం నిలబడి చూశాడు. తిడతాడేమో అనుకున్నాను. కత్తితో మిగతా సగం జాగ్రత్తగా కోసి, ఉడత తిన్న సగాన్ని చెట్టు మొదట్లోనే వదిలేశాడు.

ఇంటికి తెచ్చాం. వాకిట్లో చాప మీద కూర్చుని, చేతులకి నూనె రాసుకుని, ముగ్గురం తొనలు వలిచాం. కాస్త పీచు ఎక్కువ, తీపి తక్కువ. తొలి కాపు అంతే, వచ్చే ఏడు బాగుంటాదని అత్త అంది. గింజలు కడిగి బూడిదలో కాల్చడానికి లోపలికి తీసుకెళ్ళింది. మా ఆయన మాత్రం ఇంకా తింటూనే ఉన్నాడు, తీపి ఉన్నదీ లేనిదీ పట్టించుకోకుండా, ఒక్కో తొన అయ్యాక వేళ్ళు నాక్కుంటూ.